అద్దం వెనక నర్సమ్మ

మార్లిస్‌ని పోయిన వారం మనం అద్దం వెనక చీకటి గదిలో వదిలి వచ్చాం. అద్దానికి అవతల, వెలుతురు గదిలో, బల్ల చుట్టూ పెద్దవాళ్ళు కూర్చుని ఉన్నారు. ఒక్క కుర్చీ ఖాళీగా ఉంది. ఆ రావలసిన మనిషి ఇక రాడేమో అనుకుంటూండగా తలుపు తోసుకుని, బూట్లకంటిన మంచుబురదని కాళ్ళపట్టా మీద రాచుకుంటూ లోపలికొచ్చినవాడు ఆమె భర్త డెల్మర్.

ఆ వేళకి డెల్మర్ బౌలింగ్‌లో, అదే బరువు బంతి దొర్లించి కొయ్యపిన్నులు పడగొట్టే ఆటలో, ఉండాలి. పొద్దున్న అలాగని చెప్పే వెళ్ళాడు. అబద్ధానికి అతుకు వేయడానికి కాబోలు, బంతి సంచీ కూడా మోసుకొచ్చాడు.

మార్లిస్ ముప్పయ్యేళ్ళకు పైగా మిల్వాకీలో గుండెజబ్బుల వార్డులో నర్సుగా చేసి రిటైరైన మనిషి. అరవై అయిదు దాటినవాళ్ళకి సర్కారు ఇచ్చే ఆరోగ్య బీమా, ఈ దంపతులిద్దరికీ వర్తించే మెడికేర్, ఎలా నడుస్తోందో చూసి చట్టసభకి సలహా చెప్పే సంఘం ఒకటి వాషింగ్టన్‌లో ఉంది. అది ఎవరి చెప్పుచేతల్లోనూ ఉండదు, ఎవరినీ ఆజ్ఞాపించదు కూడా. ఉన్నదున్నట్టు చెప్పడం వరకే దాని పని. డాక్టర్లూ ఆర్థికవేత్తలూ నిండిన ఆ సంఘంలోకి రెండేళ్ళ కిందట మార్లిస్‌ని తీసుకున్నారు. నెలకోసారి విమానమెక్కి వెళ్ళి వస్తోంది.

ఆ సంఘానికి ఒక మంచి అలవాటుంది. ఏటా ఏదో ఒక ఊళ్ళో మామూలు పెద్దవాళ్ళని కొందరిని కూర్చోబెట్టి వాళ్ళ డాక్టర్ల గురించీ, బీమా గురించీ మాట్లాడిస్తుంది. మధ్య గోడలో ఉన్న గాజు వాళ్ళకి తమ ముఖాలు కనిపించే అద్దం, ఇవతల చీకట్లో కూర్చుని వినే సంఘంవాళ్ళకి కిటికీ. వింటున్నది ఎవరో వాళ్ళకి చెప్పరు. కానీ ఒక మాట మాత్రం ఇస్తారు, మిమ్మల్ని ఎరిగినవాళ్ళు అద్దం వెనక ఎవరూ ఉండరని. అందుకే తెలిసిన ముఖం కనబడితే ఇవతలివాళ్ళు లేచి వెళ్ళిపోవాలి. దానికి మినహాయింపు లేదు.

మార్లిస్ లేవాలి. లేవబోయింది కూడా. అంతలో డెల్మర్ తిన్నగా అద్దం దగ్గరికి వచ్చి, జేబులోంచి చిన్న దువ్వెన తీసి, ఆమె కళ్ళలోకి చూస్తూ మీసం దువ్వుకున్నాడు. ఎడమవైపు నాలుగు వెంట్రుకలు మాట వినలేదు. వేలు తడుపుకుని వాటిని అణిచాడు. పెళ్ళినాడు చర్చి తలుపు పక్క అద్దంలో ఇలాగే దువ్వుకున్నాడు. మార్లిస్ మళ్ళీ కూర్చుంది.

“మీ ఊరు కదా మార్లిస్ గారూ, తెలిసిన ముఖాలేమైనా ఉన్నాయా?” అంది పక్కన కంప్యూటరు ముందున్న కోరిన్. సంఘంలో ఉద్యోగి. చిన్నపిల్లే కానీ నియమాల దగ్గర మాత్రం ముత్తవ్వ.

“ఈ ఊళ్ళో అందరి ముఖాలూ ఎక్కడో చూసినట్టే ఉంటాయమ్మా,” అంది మార్లిస్.

అది అబద్ధం కాదు. నిజం కూడా కాదు.

అవతల గదిలో మాట్లాడించే అమ్మాయి టెస్ మొదలుపెట్టింది. “ఈ అద్దం వెనక కొందరు వింటున్నారు. మీ పేర్లు ఎక్కడా బయటపెట్టరు. మీకు తెలిసినవాళ్ళెవరూ అక్కడ లేరు. మొహమాటం లేకుండా మాట్లాడండి.”

“హలో అండీ, వెనకున్నవాళ్ళూ!” అని డెల్మర్ అద్దంకేసి చెయ్యూపాడు. “కాస్త లోపలికి జరగండి, నిలబడేవాళ్ళకి చోటివ్వండి.” రిటైరయ్యేదాకా సిటీ బస్సు నడిపినవాడు, ఆ ముక్క నాలుక మీదే ఉంటుంది.

బల్ల చుట్టూ నవ్వులు లేచాయి. మార్లిస్ చెయ్యి దానంతటదే సగం పైకి లేచి ఆగింది.

కాసేపు మందుల ధరలూ, ఆసుపత్రి ఫోన్లో వినిపించే పాటలూ నడిచాయి. తర్వాత టెస్ అడిగింది. “సర్కారు మెడికేర్‌లోనే ఉండాలా, ప్రైవేటు కంపెనీ ప్లానులోకి మారాలా అన్నది మీరు ఎవర్నడిగి తేల్చుకున్నారు?”

“మా చెల్లెల్ని,” అంది డెల్మర్ పక్కన కూర్చున్న ముసలావిడ. ఎదురుగా ఉన్న అట్టమీద ఓటిలీ అని పేరుంది. “అది చెప్పినదానికి సరిగ్గా వ్యతిరేకం చేస్తాను. ఇంతవరకూ నష్టపోలేదు.”

“నా సంగతి వేరండీ,” అన్నాడు డెల్మర్. “ఈ విషయం దేశం మొత్తంలో బాగా తెలిసిన మనిషి మా ఇంట్లోనే ఉంది. అందుకని ఆవిడని అడగలేదు.”

“అదేంటండీ?”

“అడిగితే చెబుతుంది కదండీ! కాగితం తీస్తుంది. బొమ్మ గీస్తుంది. బాణాలు వేస్తుంది. కళ్ళజోడుకి మెడికేర్ డబ్బులిస్తుందా అని ఒకసారి అడిగాను. ‘ఇవ్వదు’ అనడానికి ఆవిడకి రెండు కప్పుల కాఫీ పట్టింది.”

“అది ఒక్కమాటలో చెప్పేది కాదు,” అని మార్లిస్ చీకట్లో పెదవులు కదిపింది.

“మరి మీరెలా తేల్చుకున్నారు?”

“సూపర్‌మార్కెట్లో, రొట్టెలమ్మేచోట ఒకమ్మాయి చిన్న బల్లేసుకుని కూర్చుంది. కాఫీ ఇచ్చింది. క్రింగిల్ తీపిరొట్టె ముక్క ఇచ్చింది, బాదంపప్పుది. మా డాక్టరు గారి పేరు వాళ్ళ జాబితాలో ఉందా అని అడిగితే ఉందని చూపించింది. పళ్ళు చూస్తారట, కళ్ళజోడు ఇస్తారట, ఈతకొలనుకి డబ్బు కట్టక్కర్లేదట. సర్కారు దాంట్లో అవి లేవు కదా. డిసెంబర్లో సంతకం పెట్టేశాను.”

“ఇప్పుడెలా ఉందండీ?”

డెల్మర్ తన పేరున్న అట్టని వేలితో అటూ ఇటూ తిప్పాడు.

“పళ్ళు బాగున్నాయి,” అన్నాడు.

ఎవరో నవ్వబోయి, ఆయన ముఖం చూసి ఆగిపోయారు.

“జనవరిలో కాస్త ఆయాసం వచ్చింది. మంచు తీస్తూంటే. సరే, మంచు తీస్తే ఎవరికైనా వస్తుందనుకున్నాను. తర్వాత బూట్ల లేసు కట్టుకుంటున్నా వచ్చింది. స్కాన్ చేశారు. గుండెలో ఒక కవాటం ఇరుకైపోయిందట, మార్చాలిట, ఎండాకాలం దాకా ఆగొద్దన్నారు. హాకెన్‌సన్ గారని, నన్ను ఏళ్ళ తరబడి చూస్తున్న డాక్టరు. నా గుండెకంటే నా జోకులు ఆయనకి బాగా తెలుసు. ఫోన్ చేస్తే, కొత్త సంవత్సరం నుంచి మీ కంపెనీతో మాకు ఒప్పందం లేదండీ అన్నారు. జాబితాలోంచి ఆయన పేరు ఇంకా తీసెయ్యలేదట, అంతే. ఇప్పుడు వేరే ఊళ్ళో ఎవరో కొత్తాయన దగ్గరికి వెళ్ళాలి. ఆయన కోయాలన్నా ముందు కంపెనీ ఒప్పుకోవాలి. ఇంకా ఒప్పుకోలేదు.”

మార్లిస్‌కి కవాటం అన్న మాట తర్వాత ఏదీ వెంటనే అర్థం కాలేదు. ఆమెకి కనిపిస్తున్నది ఇంట్లో మెట్లు. మధ్యలో మలుపు దగ్గర కిటికీ. ఈ రెండు నెలలుగా డెల్మర్ అక్కడ ఆగుతున్నాడు. పిట్టల్ని చూస్తున్నానంటున్నాడు. పడుకునేటప్పుడు రెండో దిండు అడిగాడు, మెడనొప్పి అన్నాడు. వార్డులో ఆ చివరి మంచం మీద రోగి దగ్గు వింటే ఈ చివర్నుంచి లేచి పరుగెత్తిన మనిషి ఆమె. ఎంతమంది కొత్త డాక్టర్లకి గుండె చప్పుడు వినడం నేర్పింది! దీపం కింద చీకటంటే ఇదేనేమో. పిట్టలంటే నమ్మేసింది.

“మీ ఆవిడ ఏమన్నారండీ?” అంది టెస్ మెల్లగా.

“ఆవిడకి తెలీదు.”

“ఏది తెలీదు?” ఓటిలీ కుర్చీలో పూర్తిగా ఇటు తిరిగింది. “ప్లాను మారిన సంగతా, గుండె సంగతా?”

“రెండూ.”

“నీకు మతి గానీ పోయిందా?”

“మీకావిడ సంగతి తెలీదండీ. చెప్పానా, మరుక్షణం చేస్తున్న పని వదిలేసి నా మంచం పక్కన కుర్చీ వేసుకుంటుంది. ఈ వయసులో ఆవిడకో మంచి పని దొరికింది. ఏం పనో ఇక్కడ అనవసరం లెండి. అన్నేళ్ళు నైట్ డ్యూటీలు చేసింది, పెద్ద డాక్టర్లు ఆవిణ్ణి గ్లవ్స్ ఎక్కడున్నాయని తప్ప ఇంకో మాట అడిగిన పాపాన పోలేదు. ఇప్పుడు దేశం పిలిచి, అమ్మా నువ్వేమంటావు అని అడుగుతోంది. నెలనెలా విమానాశ్రయంలో దింపేటప్పుడు ఆవిడ మొహం మీరు చూడాలి. మొదటిరోజు బడికెళ్ళే పిల్లలా ఉంటుంది. బుద్ధిలేక నేను పెట్టిన సంతకానికి ఆ మొహం పోగొట్టనా?”

“గుండె నీది. పెళ్ళాం నీది. మధ్యలో దేశమెందుకయ్యా?” అంది ఓటిలీ.

డెల్మర్ అద్దంకేసి చూశాడు. అది డ్రైవరు చూపు, అద్దం కనబడితే కళ్ళు అటే పోతాయి.

మార్లిస్ ముక్కు చీదిన చప్పుడుకి కోరిన్ తల తిప్పింది.

“ఏమైందండీ? ఒంట్లో బాగాలేదా?”

“ఆయన,” అంది మార్లిస్. “మా ఆయన.”

కోరిన్ చేతులు మీటల మీద ఆగిపోయాయి. తర్వాత లేచి, మార్లిస్ చేతిలో కప్పు తీసి పక్కన పెట్టి, కోటు అందించి, భుజం పట్టుకుని నడవలోకి తీసుకొచ్చి తలుపు మూసింది.

“ఎప్పటినుంచి తెలుసు మీకు?”

“మీసం దువ్వుకున్నప్పటినుంచి.”

“మార్లిస్ గారూ!”

“తెలుసమ్మా. అరవకు.”

“అరవట్లేదండీ, నాకు ఏడుపొస్తోంది. ఈ గుంపు చెప్పిందంతా ఇక పక్కన పెట్టెయ్యాలి. ఒక్క ముక్క కూడా వాడకూడదు. సంఘం అధ్యక్షుడికి నేను చెప్పాలి.”

“నేనే చెబుతాను.”

“ఇంకొకటి. ఆయనకి మనం మాటిచ్చాం. లోపల విన్నది మీరు విననట్టే. ఆయన తనంతట చెబితేనే మీకు తెలిసినట్టు. ప్లీజ్ అండీ.” అని, తర్వాత గొంతు తగ్గించి, “ఇంటికెళ్ళండి. కాదు, ఆయన్ని ఎక్కడికైనా భోజనానికి తీసుకెళ్ళండి,” అంది ఆ నియమాల ముత్తవ్వ.

* * *

మాంసం మానేసే ఈస్టరు ముందటి శుక్రవారాల్లో మిల్వాకీ ఊరు ఊరంతా చేపల వేపుడు వాసనే. ఆ సాయంత్రం చర్చి కింది హాల్లో పొడుగు బల్లల మీద కాగితం పరిచి, పెర్చ్ చేపా, బంగాళాదుంప అట్లూ, ఆపిల్ ముద్దా, రై బ్రెడ్డూ వడ్డిస్తున్నారు. డెల్మర్, మార్లిస్ ఎప్పుడూ కూర్చునే మూల స్తంభం పక్కన కూర్చున్నారు.

వాళ్ళింట్లో ఈ రెండేళ్ళుగా ఒక వింత పద్ధతి నడుస్తోంది. సంఘం సమావేశాల్లో ఏ విషయానికైనా రెండు రౌండ్లుంటాయి. మొదటి రౌండులో ప్రశ్నలే అడగాలి, అభిప్రాయం చెప్పకూడదు. రెండో రౌండులో ఎవరేమనుకుంటున్నారో అది చెప్పుకోవచ్చు. మాట్లాడదలుచుకున్నవాళ్ళు తమ పేరుపలకని నిలువుగా నిలబెట్టాలి. మార్లిస్ ఈ అలవాటుని వాషింగ్టన్ నుంచి ఇంటికి మోసుకొచ్చింది. ఇప్పుడు పొయ్యి బాగుచేయించడం దగ్గర్నుంచి ఏ తగువైనా రెండు రౌండ్లే. పేరుపలకలు లేవు కాబట్టి మాట్లాడాలంటే ఉప్పుడబ్బా ముందుకి జరపాలి.

మార్లిస్ ఉప్పుడబ్బా జరిపింది.

“ఓహో,” అన్నాడు డెల్మర్. “ఎన్నో రౌండు?”

“మొదటిదే. ప్రశ్నలు మాత్రమే. బౌలింగ్ ఎలా జరిగింది?”

“బాగానే జరిగింది.”

“ఎన్ని పడ్డాయి?”

“పడాల్సినవన్నీ పడ్డాయి.”

“చేప ఎందుకు వదిలేశావు?”

“వదల్లేదు, విరామం ఇచ్చాను.”

“మెట్ల మధ్యలో ఎందుకు ఆగుతున్నావు?”

“చెప్పాను కదా నర్సమ్మా, పిట్టలు.”

“ఏ పిట్టలు?”

“ఎర్రవి. ఒకటి మగది, ఒకటి ఆడది. ఆడది ఎప్పుడూ ఏదో అడుగుతూ ఉంటుంది.”

ఇంకో రోజైతే ఈ మాటకి మార్లిస్ పకపకా నవ్వేది. ఆమెకి తర్వాతి ప్రశ్న నాలుక చివర సిద్ధంగా ఉంది: హాకెన్‌సన్ గారి దగ్గరికి ఎప్పుడెళ్ళాలి? పైకి అది మామూలు ప్రశ్నే. ఏ పెళ్ళామైనా అడిగేదే. కానీ దాని తోక మాత్రం అద్దం వెనక చీకటి గదిలో ఉంది. ఆ సంగతి తనకి తెలుసు. ఇలా ఒక్కో ప్రశ్నా వేసి, వల బిగించి, ఆయన్ని తనంతట చెప్పినట్టు చెప్పించడం ఆమెకి చేతకాని పనేం కాదు. వార్డులో సిగరెట్లు దాచిన ఎంతమందిచేత నిజం చెప్పించలేదు! కానీ ఈయన రోగి కాదు. ఒక పాడు చలి శుక్రవారం ముక్కూమొహం తెలియనివాళ్ళ ముందు కూర్చుని, తన భార్య మొహం ఎలా వెలుగుతుందో చెప్పుకున్న మనిషి.

“నా ప్రశ్నలైపోయాయి,” అంది. “ఇప్పుడు నువ్వొకటి అడుగు నన్ను.”

“ఏమని?”

“మధ్యాహ్నం ఎక్కడున్నావని.”

“నాకు తెలుసుగా. సంఘం పనిమీద ఎవరివో మాటలు వినాలని…” డెల్మర్ ఫోర్కు చేపకి కాస్త పైన ఆగింది. “ఎక్కడున్నావు?”

“అద్దం వెనక.”

హాల్లో ఎవరి పేరో పిలిచారు. ఎవరో ట్రే జారవిడిచారు, అందరూ చప్పట్లు కొట్టారు. డెల్మర్ ఫోర్కు కింద పెట్టి, చేతిరుమాలుతో మూతి తుడుచుకుని, ఆ రుమాలుని మడతలు పెట్టడం మొదలుపెట్టాడు. చిన్నది చేసి, ఇంకా చిన్నది చేసి.

“తెలిసినవాళ్ళెవరూ ఉండరన్నారు,” అన్నాడు.

“ఉండకూడదు. నేను లేచి వెళ్ళాలి.”

“ఎందుకు లేవలేదు?”

“లేవలేకపోయాను.”

“అది జవాబు కాదు మార్లీ.”

ఆయన గొంతు పెంచలేదు. అందుకే ఆమెకి భయమేసింది.

“బస్సులో అద్దం ఎందుకుంటుందో తెలుసా? వెనక ఏం జరుగుతోందో డ్రైవరుకి తెలియాలని. జనం నా వెనక కూర్చుని ఏడ్చారు, పోట్లాడుకున్నారు, ఒకళ్ళ మొగుళ్ళ గురించి ఒకళ్ళు చెప్పుకున్నారు. నీకు తెలిసినవాళ్ళు కూడా. ఒక్కటంటే ఒక్క ముక్క ఇంటికి తెచ్చి నీతో అన్నానా ఎప్పుడైనా?”

“లేదు.”

“నా టిక్కెట్టుకి నాకా మాత్రం మర్యాద లేదా?”

“ఉంది. నేను చేసింది తప్పే. అధ్యక్షుడికి ఇందాకే ఫోన్ చేసి చెప్పాను. మీరు మాట్లాడినదంతా పక్కన పెట్టేస్తున్నారు.”

“ఓటిలీ చెప్పింది కూడానా? పాపం, ఆవిడ ఎంత బాగా మాట్లాడింది!”

“ఆవిడది కూడా.”

డెల్మర్ రుమాలు మడతలు విప్పాడు. “ఎంతవరకు విన్నావు?” అన్నాడు, తలెత్తకుండా.

“దేశమెందుకయ్యా, దాకా.”

“అంటే మొత్తం.”

“మొత్తం.”

“మీసం దువ్వుకోవడం?”

“నా కళ్ళలోకి చూస్తూ దువ్వుకున్నావు. చెయ్యి కూడా ఊపావు. నేనూ ఊపాను, సగం.”

డెల్మర్ నవ్వకూడదని పట్టుపట్టాడు. ఆ పట్టు మీసం దగ్గర సడలింది. ముందు భుజాలు కదిలాయి, తర్వాత బల్ల కదిలింది. నవ్వుతో పాటు ఆయాసమూ వచ్చింది. మార్లిస్ లేచి, బల్ల చుట్టూ తిరిగి వచ్చి, పక్కన కూర్చుని, చెప్పా పెట్టకుండా ఆయన మణికట్టు పట్టుకుంది. నాడి చూడడానికి ఆమెకి గడియారం అక్కర్లేదు. ఇప్పుడు చూసింది కాబట్టి, ఇన్నాళ్ళూ చూడనిదంతా ఆ వేళ్ళకి తెలిసిపోయింది.

“పిట్టలట, పిట్టలు,” అంది.

“నిజంగానే ఉన్నాయి ఆ పిట్టలు.”

“అసలు నిన్నెలా తీసుకున్నారు? ఇంట్లో ఎవరైనా సర్కారు పని చేస్తున్నారా అని అడగలేదూ?”

“అడిగారు. పని ఎవరూ చెయ్యరండీ, మా ఆవిడ సలహాలు మాత్రం ఇస్తుంది అన్నాను. అది ప్రతి ఇంట్లోనూ ఉన్నదే లెండి అన్నారు.”

ఈసారి ఇద్దరూ నవ్వారు. అవతలి బల్లవాళ్ళు తిరిగి చూశారు. మార్లిస్ కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది, అద్దాలకంటే కళ్ళే ఎక్కువ తుడుచుకుంది.

“ఇటు చూడు,” అంది. “ఈ నెలాఖరు దాకా తలుపు తెరిచే ఉంది. కంపెనీ ప్లాను వద్దనుకున్నవాళ్ళు తిరిగి సర్కారు మెడికేర్‌లోకి వచ్చెయ్యవచ్చు. సోమవారం పొద్దున్నే ఆ పని చేద్దాం. హాకెన్‌సన్ గారికి నేను ఫోన్ చేస్తాను. కాగితం తియ్యను, బొమ్మ గియ్యను. మూడు ముక్కలు. అయిపోయాయి.”

“బాణాలు కూడా లేవా?”

“లేవు.”

“అయితే నాకు భయంగానే ఉంది,” అన్నాడు డెల్మర్. అని, ఆమె చేతిని తన చేతుల మధ్య పెట్టుకున్నాడు. ఆ మాట జోకుగా మొదలై, జోకు కాకుండా ఆగింది. “కోసేస్తారు కదా మార్లీ, ఇక్కడ.”

“ఇప్పుడు అంత కొయ్యట్లేదు. తొడ దగ్గర్నుంచి సన్నటి గొట్టం పంపిస్తారు. నీకు సరిపోతుందో లేదో ఆయన చూసి చెబుతాడు. నేను పక్కనే ఉంటాను.”

“అదే నేను వద్దనుకున్నది. ఆ పని మానేస్తావు నువ్వు.”

“ఎందుకు మానేస్తాను? వచ్చే గురువారం ఓటుంది. కంపెనీల జాబితాలో పేరున్న డాక్టరు నిజంగా రోగుల్ని చూస్తున్నాడా లేదా అని ఏటా బయటివాళ్ళు తనిఖీ చెయ్యాలని సలహా ఇవ్వబోతున్నాం. అది రాసింది నేను. నువ్వింకా క్రింగిల్ తినకముందే రాశాను. నీ పేరెత్తను, నీ కథ చెప్పను. అయినా సరే చెప్పాల్సిన మాట చెప్పగలను. ఒక్కరోజు వెళ్ళి చెయ్యెత్తి ఓటేసి వచ్చేస్తాను, అప్పటిదాకా నీ గుండెకి నువ్వు జోకులు చెబుతూండు.”

డెల్మర్ ఆమె మొహంకేసే చూస్తున్నాడు. విమానాశ్రయం మొహం అదే. గుండె సంగతి తెలిశాక కూడా పోలేదు, ఇంకాస్త గట్టిపడింది. ఇన్నాళ్ళూ అనవసరంగా దాచానే అని ఆయనకి మొదటిసారి అనిపించింది. చేప ముక్క ఒకటి నోట్లో పెట్టుకున్నాడు.

“ఓటుకి ముందు ప్రతివాళ్ళూ మైకులో చెప్పాలి,” అని మార్లిస్ ఉత్సాహంగా చెప్పుకుపోతోంది. “ఏ బీమా కంపెనీతో తమకేం సంబంధముందో. కొందరికి వాటాలుంటాయి, కొందరు వాళ్ళకి సలహాలిచ్చి ఉంటారు. వాళ్ళు చెబుతున్నప్పుడు నీళ్ళు నములుతారు. నాకా బాధ లేదు. ఏ కంపెనీతోనూ నాకే సంబంధమూ లేదని రెండేళ్ళుగా హాయిగా చెబుతున్నాను.”

డెల్మర్ నమలడం ఆపాడు.

బల్ల మీద చెయ్యి చాపి, ఉప్పుడబ్బాని మెల్లగా తన ముందుకి జరిపాడు.

“ఇప్పుడేంటి?” అంది మార్లిస్. “రెండో రౌండా?”

“డిసెంబర్లో ఆ సూపర్‌మార్కెట్ అమ్మాయి సంతకాలకి మనింటికే వచ్చింది. నీకు గుర్తులేదు. నువ్వు వంటింట్లో ఫోను చెవికి పెట్టుకుని అటూ ఇటూ తిరుగుతున్నావు, మీ సంఘంవాళ్ళతో.”

“అయితే?”

“చదవకుండా ఎవ్వరూ సంతకం పెట్టకూడదు, ఆ మాట జనానికి అర్థమయ్యేలా చెప్పాలి అని కేకలేస్తున్నావు.”

“చెప్పాలి మరి. అయితే ఏంటి?”

“ఆ కొలను వేడినీళ్ళదట మార్లీ. మోకాళ్ళకి మంచిదని ఆ అమ్మాయి చెప్పింది. చలికాలమంతా నీ మోకాళ్ళ నొప్పి చూస్తున్నాను కదా. అందుకని…” డెల్మర్ గొంతు సవరించుకున్నాడు. “ఆ అమ్మాయి పలకలాంటిదొకటి నీ ముందు పెట్టింది. ‘మార్లీ, ఇక్కడో గీత గియ్యి’ అన్నాను. నువ్వు ఫోను తియ్యకుండానే వేలితో గీసేశావు. అదేమిటని కూడా అడగలేదు. మీ ఆవిడకి మీ మీద ఎంత నమ్మకమండీ అని ఆ అమ్మాయి ముచ్చటపడింది.”

మార్లిస్ తన చూపుడువేలికేసి చూసుకుంది.

“జనవరి నుంచి నువ్వూ ఆ కంపెనీ ప్లాను మనిషివే, నర్సమ్మా.”